విడదీసిన జంట

2023 ఏప్రిల్. కర్నూలులోని ఒక ప్రైవేటు పశువుల ఆసుపత్రిలో నేను అసిస్టెంటుగా చేరి అప్పటికి పదకొండేళ్లు. కుక్కలకైతే ఎవరో ఒకరు దిక్కవుతారు. కుందేళ్లు, గినీపిగ్‌లు, లవ్‌బర్డ్స్ మాత్రం పిల్లల ముచ్చట తీరగానే అట్టపెట్టెల్లో మా గుమ్మం ముందుకు వచ్చేస్తాయి. వాటికి కొత్త ఇళ్లు వెతకడం ఎవరూ అప్పగించకుండానే నా పనైపోయింది.

ఆ నెలలో ఒక ఇంటి యజమాని ఫోన్ చేశాడు. అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసి పోతూ మిద్దె మీద ఒక పంజరం వదిలేశారట. వెళ్లి చూస్తే చిలకల పంజరంలో రెండు ఆడ కుందేళ్లు ఇరుక్కుని కూర్చున్నాయి. నీళ్ల గిన్నె ఎండిపోయి ఉంది. ఒకటి తెల్లది, కళ్ల చుట్టూ నల్లటి వలయాలు. రెండోది బూడిదరంగుది, ఏదో పాత గాయంతో ఎడమకన్ను మూసుకుపోయింది. వాటికి కాటుక, బూడిద అని పేర్లు పెట్టుకున్నాం.

శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా ఎవరో ఒకరు తాత్కాలికంగా సాకడాన్ని ఫోస్టరింగ్ అంటాం. అప్పటికే నాలుగు గినీపిగ్‌లున్న మా రెండు గదుల ఇంటికే ఈ రెంటినీ తెచ్చుకున్నాను. మా ఆయన చెప్పులు వెతుక్కునే సాకుతో రోజూ గడ్డి మూటను అటూ ఇటూ విసురుగా జరిపేవాడు. వీటిని త్వరగా పంపెయ్యాలని నాకు ఒకటే తొందర.

నాలుగో రోజు రాజంపేట నుంచి శివారెడ్డి వచ్చారు. బొప్పాయి, మామిడికాయల వ్యాపారం ఆయనది. పదకొండేళ్ల కూతురు కావ్య కుందేలు కావాలని పట్టుబట్టిందట.

"తెల్లది ఇయ్యమ్మా, సాలు. కన్ను ల్యాని దాన్ని ఇంట్లోకి తెస్తే మా యమ్మ ఊరుకోదు" అన్నారు.

రెండూ రోజంతా ఒకదాని మీద ఒకటి వాలి పడుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. అయినా సరేనన్నాను. ఒకటైనా తగ్గుతుంది కదా అనుకున్నాను. హోమ్ చెక్, అంటే జంతువు ఉండబోయే చోటును ముందుగా చూసుకోవడం, ఆయన ఇంట్లోవాళ్లకు వీడియో కాల్ చేసి కానిచ్చేశాను. నీడ ఉంది, ఫ్యాను ఉంది, పిల్ల సౌమ్యంగా ఉంది. కాటుక ఆ సాయంత్రమే కారెక్కింది.

రెండు రోజులకు బూడిద తిండి మానేసింది. గిన్నెలో ఆకుకూర అలాగే వాడిపోయింది. పంజరం అడుగున పెంటికలు లేవు. దాన్ని చున్నీలో చుట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, "జీఐ స్టాసిస్" అన్నారు. కుందేలు తినడం ఆపితే పేగుల కదలిక ఆగిపోతుంది. ఒక్క రోజు ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది. సెలైన్ ఎక్కించి, మందులిచ్చి, నానబెట్టిన మేత సిరంజితో పట్టించాం. సగం బయటికే కారిపోయింది.

"దీని జత ఎక్కడుంది?" అని అడిగారు డాక్టరమ్మ.

చెప్పాను. ఆవిడ నన్ను కోప్పడలేదు. అదే నాకు మరింత కష్టంగా అనిపించింది.

బూడిదను రాజంపేటకు తీసుకుపోదామంటే, ఆ ఎండలో అది కడప దాకా కూడా బతకదు. కాటుకే ఇక్కడికి రావాలి. శివారెడ్డికి ఫోన్ చేశాను.

"ఇదేందమ్మా, ఇచ్చినోళ్లే మళ్లీ అడుగుతాండారు! ఇదేమన్నా అద్దె సామానా? నా బిడ్డ దాన్ని ఇడిసి కదలడంల్యా."

"తప్పు నాదేనన్నా. విడదీయకుండా ఉండాల్సింది. ఇక్కడున్నది చచ్చిపోయేట్టుంది."

అటువైపు ఫోను చేతులు మారింది. ఈసారి కావ్య.

"ఆంటీ, మా కాటుక గూడా మూలకు మొగం పెట్టుకోని కూచుంటాది. శానా శాంతమైన కుందేలని నాయన అంటాండాడు. అది శాంతం గాదా?"

"కాదమ్మా, దిగులు" అన్నాను. ఫోను పెట్టేశారు.

మరుసటి రోజు పదిన్నరకు ఆసుపత్రి ముందు కారాగింది. తెల్లవారకముందే బయలుదేరారట. కావ్య ఒళ్లో తడిగుడ్డ కప్పిన బుట్ట ఉంది. శివారెడ్డి నా వైపు చూడకుండానే, "యాడుండాది ఆ ఒంటికన్నుది?" అన్నారు.

రెండింటినీ నేల మీద వదిలాం. కాటుక వాసన పట్టుకుంటూ వచ్చి, బూడిద తల మీద గడ్డం ఆనించింది. కాసేపటికి మూసుకుపోయిన ఆ కన్ను చుట్టూ నాకడం మొదలుపెట్టింది. బూడిద దాని పక్కకు ఒరిగింది గానీ తినలేదు.

పన్నెండైంది. రెండైంది. సిరంజితో పట్టించడం, పొట్ట నిమరడం, మళ్లీ సిరంజి. నేను గదిలోకీ వరండాలోకీ తిరుగుతూనే ఉన్నాను. నాకెదురుగా శివారెడ్డి కూడా తిరుగుతున్నారు. వ్యాపారం ఫోన్లు మోగుతుంటే కట్ చేస్తూ, "తినిందా?" అని ప్రతిసారీ అడిగారు.

నాలుగవుతుండగా కాటుక కొత్తిమీర కాడ నములుతుంటే, రెండో కొసను బూడిద పట్టుకుంది. ఇంకో అరగంటకు మిరియపు గింజలంత పెంటికలు రెండు రాలాయి. నేను అరిచిన అరుపుకు అందరూ లోపలికి వచ్చారు.

శివారెడ్డి వంగి చూసి పగలబడి నవ్వారు. "యాపారం ఇడిసిపెట్టి పొద్దన్నుంచి ఈడ నేను కాపు కాసింది దీనికా!"

బూడిద తేరుకునేదాకా కాటుకనూ నా దగ్గరే ఉంచి, కావ్య ఖాళీ బుట్టతో వెళ్లింది. ఏడ్చిందో లేదో నేను చూడలేదు, కారు అద్దాలు ఎత్తేసి ఉన్నాయి. ఆదివారం తండ్రీకూతుళ్లు మళ్లీ వచ్చారు. "మరి మీ అమ్మగారు?" అని అడిగాను.

"మా యమ్మకు నేను జెప్పుకుంటాలే. రెండూ పెట్టమ్మా" అన్నారు.

అంతకుముందు నేను ప్రశ్నలన్నీ మనుషులనే అడిగేదాన్ని: ఇల్లు సొంతమా, కుక్క ఉందా, ఊరికి పోతే ఎవరు చూస్తారు అని. ఇప్పుడు జంటగా వచ్చినవాటిని ముందు వారం రోజులు గమనిస్తాను. కలిసి పడుకునేవి కలిసే పోతాయి. ఒక్కటే కావాలన్నవాళ్లను తిప్పి పంపుతాను. మూడు నెలలు ఇంట్లో ఉండిపోయిన జంటలూ ఉన్నాయి.

దానికి ముందు పదకొండేళ్లలో ఎన్ని జతలను విడదీసి పంపానో నాకు గుర్తు లేదు. "శానా శాంతంగా ఉండాదమ్మా, ఒక మూలన కూర్చుంటే లేవదు" అని తీసుకుపోయినవాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నప్పుడల్లా, మంచి ఇల్లు దొరికిందని నేను సంతోషపడ్డాను.