ఖాదర్ భాయ్ వైర్లపెట్టె

మొన్న అల్వాల్‌లో ఒక కొత్త ఫ్లాటుకి వెళ్ళాను. ఇంటాయన స్టీరియో పెట్టగానే గాయని పలికిన ప్రతి ‘స’ చెవిలో పిన్నీసులా గుచ్చుకుంది. తాళాల మోతకి పళ్ళు జివ్వుమన్నాయి. "వైర్లు మార్చేద్దామా మేడమ్?" అన్నాడాయన, ఇంటర్నెట్‌లో చూసి రాసిపెట్టుకున్న పేర్లు చదువుతూ. పాతికేళ్ళకు పైగా సికింద్రాబాద్‌లో, ఇళ్ళల్లో స్టీరియోలు అమర్చే ఈ పనిలోనే ఉన్నాను. పాట అలా గరుకుగా వినిపించినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఖాదర్ భాయ్. ఈ విద్య నేర్పింది ఆయనే, ఇందులో నా పొగరు దించిందీ ఆయనే.

మావాళ్ళు తెనాలి నుంచి వచ్చి తిరుమలగిరిలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు పెట్టారు. డిప్లొమా అయ్యాక నేను ఖాదర్ భాయ్ స్టీరియో షాపులో చేరతానంటే మా నాన్న వారం రోజులు మాట్లాడలేదు. ఆడపిల్లకి స్పీకర్లు మోసే ఉద్యోగమేమిటని ఆయన బాధ. ఖాదర్ భాయ్ మాత్రం నా చదువు సంగతే ఎత్తలేదు. కళ్ళు మూసుకోమని ఒకే పాటను రెండుసార్లు వినిపించి, "రెండింట్ల ఏది మెత్తగున్నది బిడ్డా?" అన్నారు. ఎంత విన్నా తేడా తెలియలేదు. భయపడుతూనే రెండూ ఒకటేనన్నాను. "అవును, నేనేం మార్వలే. లేని ఫరక్ ఉన్నదని చెప్పనోళ్ళే నాకు కావాలె. రేపట్నుంచి రా" అన్నారు.

ఆయన దూదేకుల ఇంట పుట్టినవారు. వాళ్ళ నాన్న వీధివీధీ తిరిగి, విల్లు మీటుతూ దూది ఏకి పరుపులు కుట్టేవారట. దూదిలో చెమ్మ ఉంటే విల్లు మోత మొద్దుబారుతుందని, ఆ మోత వినీ వినీ తన చెవి తయారైందని చెప్పేవారు. షాపులో ఆయనకొక రేకుపెట్టె ఉండేది. అందులో మూడు జతల స్పీకరు వైర్లు; ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి నల్లది. ఏది ఏ కంపెనీదో, ఏది ఖరీదైనదో వచ్చినవాళ్ళకి చెప్పేవారు కాదు. ఒక్కో జతని రెండేసి రోజులు ఇంట్లో విని, నచ్చిన రంగు చెప్పమనేవారు. "ధర తెలిస్తే చెవి అబద్ధమాడ్తది" అనేది ఆయన మాట. గరుకుగా పలికే సెట్టుకి చాలాసార్లు నల్లదారందే కుదిరేది. అది మామూలు రాగి వైరు, కాస్త లావుపాటిది. నిగనిగలాడే వెండిపూత వైరు అడిగి వచ్చినవాళ్ళు ఆ రాగిదే తీసుకుని, మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళేవారు.

రెండేళ్ళు తిరిగేసరికి నాకు కొమ్ములొచ్చాయి. గుమ్మంలో నిలబడి వింటే చాలు, ఏ ఇంటికి ఏ రంగో చెప్పేయగలననుకునేదాన్ని. సరిగ్గా అప్పుడే లాలాగూడ నుంచి వెంకటయ్యగారు వచ్చారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. నెల క్రితం ఆయన భార్య ఈశ్వరమ్మగారు పోయారు. ఆమె రెండేళ్ళు మంచం మీదే ఉన్నారట. మంచం హాల్లోనే వేసి, రోజూ పొద్దున్నే పాత పాటలు పెట్టుకుని ఇద్దరూ వినేవారట. "మొన్న సున్నాలేసినోళ్ళు వైర్లు గుంజిండ్రు. అప్పట్నుంచి పాట గీస్కపోతున్నది. ఆమెతోని ఎట్ల విన్ననో అట్ల వినాలె నాకు. కాదంటే ఈ సెట్టు సుత ఎవలికన్న ఇచ్చేస్త. ఇంట్ల ఉంటే తక్లీఫ్" అన్నారు.

పెట్టె పట్టుకుని నేనే వెళ్ళాను. ముందు నల్లది వేశాను. కాస్త తగ్గినట్టుందన్నారు గానీ మొహంలో వెలుగు లేదు. రెండు రోజులాగి ఎర్రది, ఆ తర్వాత ఆకుపచ్చది వేశాను. వారం గడిచినా గరుకు గరుకే. నాలుగోసారి వెళ్ళినప్పుడు నా విద్య మీద నాకే అనుమానం వచ్చింది. ఆ చిరాకులో, "వైర్లలో ఏం లేదు సార్. అన్నేళ్ళు ఆ సుత్తుల మోతలో పనిచేశారు కదా, మీ చెవులే మారుంటాయి" అనేశాను. వెంకటయ్యగారు లేచారు. స్టీరియో మీద ఒక దుప్పటి కప్పి, "ఐతే ఎవలికన్న కావాలంటే పంపియ్యమ్మా" అన్నారు.

షాపుకొచ్చి జరిగింది చెప్పాను. ఖాదర్ భాయ్ టంకం వేస్తున్న సలాక పక్కన పెట్టారు. గొంతు పెంచలేదు. "ఆయన చెవి నెల కింద మంచిగనే ఉండె గదా. ఈ నెలల మారింది చెవినా, ఇల్లా? అడిగినవా?" అన్నారు. అడగలేదు. "వైరు చిటికెడు మారుస్తది బిడ్డా. అర్ర గంపెడు మారుస్తది" అన్నారు. అర్రంటే గది.

మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్ళాం. ఖాదర్ భాయ్ సెట్టు జోలికే పోలేదు. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట కొట్టారు. అది గోడలకి తగిలి గణగణమని తిరిగొచ్చింది. అప్పుడు వెంకటయ్యగారి పక్కన కూర్చుని, "అన్నా, ఈ నెలల ఈ అర్రలకెళ్ళి ఏమేం బయటికి పోయినయ్?" అని అడిగారు. ఆయన వేళ్ళు ముడుస్తూ చెప్పారు: "మంచం. రెండు దూది పరుపులు. బొంతలు. కిటికీల పరదాలు, ఆమె చీరెలు కోసి కుట్టినయ్. దినాలైనంక అన్నీ ఇచ్చేసినం. పోయినోళ్ళయి ఇంట్ల ఉంచరు గద." మా ఇంట్లోనూ అదే ఆచారం. మా నాయనమ్మ పోయినప్పుడు ఆమె పరుపు చుట్టి ఇచ్చింది నేనే. అయినా మోతను పీల్చుకునే దూదీ బట్టా లేని ఆ బోడి హాల్లో నాలుగుసార్లు నిలబడి నేను వైర్లే చూశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"వదినమ్మ సామాన్లు మళ్ళ తెమ్మంటలేను. ఆమె జాగల ఏం పెట్టను. ఎన్క గోడకు కొత్తది కుడ్త, మీకిష్టమైతెనే" అన్నారు ఖాదర్ భాయ్. వెంకటయ్యగారు తలూపారు. రెండు రోజులు షాపు నాకు అప్పగించి, ఖాదర్ భాయ్ దూది తెప్పించుకుని తండ్రి సూదులతో పలచటి పొడుగాటి పరుపులు రెండు కుట్టారు. వాటిని గోడకి బిగించాం. కింద జంపఖానా పరిచి, కిటికీలకి మందపాటి పరదాలు కట్టాం. చివరికి సున్నాలవాళ్ళు గుంజిన ఆ పాత వైర్లే మళ్ళీ తగిలించారు. వాటిలో ఏ లోపమూ లేదు.

పాట మొదలైంది. గుచ్చుకునే ‘స’ మెత్తబడి పాటలో కలిసిపోయింది. వెంకటయ్యగారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. పాట అయ్యాక, ఒకప్పుడు మంచం ఉన్న వైపు తిరిగి, "ఇప్పుడు మంచిగ ఇనవడ్తున్నదా?" అన్నారు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని ఇంకొకటి పెట్టమన్నారు.

బయల్దేరేముందు, ఆరోజు చెవుల గురించి అన్న మాటకి క్షమించమని అడిగాను. ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "నువ్వన్నంక నాకు నిద్ర పట్టలే బిడ్డా. నా చెవులే ఖరాబైతే, ఆఖర్ల ఆమె మెల్లగ చెప్పిన మాటలు నేను సక్కగ విన్ననో లేదో అని పరేషాన్ అయిన" అన్నారు.

ఖాదర్ భాయ్ పోయి ఆరేళ్ళయింది. ఇవాళ నాకు నా పని మీద గట్టి నమ్మకం ఉంది, కానీ ఎవరి చెవినీ తప్పుపట్టను. గరుకుగా ఉందని ఒకరంటే, అది ఆ ఇంట్లో ఉన్నట్టే. వైర్లు చూపించే ముందు, ఈమధ్య ఇంట్లోంచి ఏం బయటికి పోయిందని అడుగుతాను. కొందరు నవ్వి, పాత సోఫా అమ్మేశామంటారు. కొందరు వెంటనే చెప్పలేక, మంచినీళ్ళు తెస్తామంటూ లోపలికి వెళ్తారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా నేను స్విచ్చు మీద చెయ్యి వేయను.