అమెరికా అరలో గొడుగమ్మాయి

2002 వేసవి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్ నగర్ వైపు వెళ్ళే రోడ్డులో, మందుల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య నాకో క్యాసెట్ల షాపు ఉండేది. సినిమాల్లో పాడదామని తెనాలి నుంచి వచ్చి, పాడేవాళ్ళ క్యాసెట్లు అమ్ముకుని బతికినవాణ్ణి నేను. అందుకు బెంగేమీ లేదు. గాయకుణ్ణయి ఉంటే ఇన్ని పాటలు వినే తీరిక దొరికేది కాదు.

షాపుకి రెండు రకాల జనం వచ్చేవారు. పొద్దున పూట సినిమావాళ్ళు. సంగీత దర్శకుల అసిస్టెంట్లు వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు గంటలు ఇంగ్లీషు పాటలు విని, ఒక్కటీ కొనకుండా, "బాగుంది మూర్తిగారూ" అని లేచి వెళ్ళేవారు. కొన్నాళ్ళకి ఆ ట్యూనే తెలుగు మాటలు తొడుక్కుని రేడియోలో పలకరించేది. సాయంత్రం సాఫ్ట్‌వేర్ పిల్లలు. మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని, అది స్నానానికైనా తీస్తారో లేదో, "అంకుల్, అమెరికాలో ఇప్పుడేం నడుస్తోంది?" అని అడిగేవారు.

అమెరికాలో ఏం నడుస్తోందో చెప్పడానికి నాకు చార్ట్ ఉండేది. చార్ట్ అంటే, ఆ వారం ఏ పాట ఎక్కువ అమ్ముడైందో వరస వేసిన పట్టిక. ఇంగ్లీషు పేపరు ఆదివారం అనుబంధంలో వచ్చేది. దాన్ని కత్తిరించి కౌంటరు అద్దం కింద పెట్టేవాణ్ణి. గోడకున్న అరల్లో ఒకదానికి 'అమెరికా' అనీ, దాని కింద దానికి 'ఇంగ్లండ్' అనీ అట్టముక్కలు తగిలించాను.

ఇంగ్లండ్ అర మీద దుమ్ము తుడవడానికి తప్ప చెయ్యి పడేది కాదు. ఆ రోజుల్లో హైదరాబాదుకి అమెరికా అంటే అంత మోజు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, ఆ పొరుగిల్లు అప్పట్లో అమెరికా ఒక్కటే. ఇంగ్లండ్ గాయకులకీ ఆ మోజు ఉండేదని పేపర్లో చదివేవాణ్ణి. సొంత దేశంలో ఎంత పేరొచ్చినా అమెరికా చార్ట్‌లోకి ఎక్కితేనే వాళ్ళకి తృప్తి. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న మాట వాళ్ళకీ వర్తిస్తుందన్నమాట. ఎక్కేవాళ్ళు కొద్దిమంది, ఎక్కలేక తిరిగొచ్చేవాళ్ళు చాలామంది.

అలా ఎక్కిన వాళ్ళలో ఒక గాయని క్యాసెట్ నా దగ్గర ఉండేది. అట్ట మీద నీలం గొడుగు పట్టుకుని వానలో నవ్వుతూ నిలబడి ఉంటుంది. విదేశీ పేర్లు మా వాళ్ళకి నోరు తిరగవు కాబట్టి మా షాపులో ఎవరినైనా బొమ్మను బట్టే పిలిచేవాళ్ళం. ఈమె గొడుగమ్మాయి. ఇంగ్లండ్ అరలో ఉన్నన్నాళ్ళూ ఆమె మొహం చూసినవాడు లేడు. అమెరికాలో ఆమె పాట మొదటి స్థానానికి వచ్చిన ఆదివారం, నేను ఆమెని పై అరలోకి మార్చాను. వారం తిరక్కుండా అన్నీ అమ్ముడై, మళ్ళీ తెప్పించాల్సి వచ్చింది. ఆ రుచి మరిగి, అమెరికాలో పేరొచ్చిన ఇంగ్లండ్ వాళ్ళందరినీ పైకెక్కించేశాను. అబద్ధం చెప్పడం లేదు కదా, చార్ట్ అమెరికాదే కదా అని సర్ది చెప్పుకున్నాను.

స్వరూప వచ్చింది ఆ వేసవిలోనే. కృష్ణానగర్‌లో ఒక గదిలో అద్దెకుండే డబ్బింగ్ ఆర్టిస్టు. పుట్టి పెరిగింది ఎర్రగడ్డ. తెర మీద హీరోయిన్ స్నేహితురాలు మాట్లాడితే ఆ గొంతు చాలాసార్లు ఈమెదే. పన్నెండేళ్ళు అదే పని చేసింది. కొత్త గొంతులొచ్చాక పిలుపులు తగ్గిపోయాయి. తెర మీద "ఏంటే, వచ్చాడా?" అనే మనిషి నా కౌంటరు ముందు నిలబడి, "ఏందన్నా, మంచిగున్నవా?" అనేది. మొదట్లో నాకు రెండూ ఒకే నోట్లోంచి వస్తున్నాయంటే నమ్మబుద్ధయ్యేది కాదు.

"అన్నా, అమెరికోళ్ళ క్యాసెట్ ఒకటి కావాలె. పాటలు ఇననీకి కాదు, మాట నేర్చుకోనీకి," అంది.

మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌లో ఉద్యోగాలు పడ్డాయట. రాతపరీక్ష దాటింది. ఇంగ్లీషు ఆమెకి బాగానే వచ్చు, కాన్వెంటులో పది దాకా చదివింది. మిగిలింది వాయిస్ టెస్ట్. అంటే అవతలి దేశపు కస్టమరుకి అర్థమయ్యే యాసలో మాట్లాడగలరో లేదో చూసే పరీక్ష.

"ఇరవై దినాలున్నయన్నా. ఫెయిలయితే మల్ల ఆర్నెల్ల దాంక రానియ్యరు. వాళ్ళు ముప్పై అయిదు దాటినోళ్ళని తీసుకోరు. నాకు నాలుగు నెలలల్ల ముప్పై అయిదు నిండుతయ్. ఒక్కటే మోక, గిది పోతే మల్ల దొరకది."

నేను ధీమాగా గొడుగమ్మాయిని తీసి ఇచ్చాను. అది లైవ్ క్యాసెట్, అంటే జనం ముందు పాడుతుండగా రికార్డు చేసింది. పాటకీ పాటకీ మధ్య ఆమె జనంతో కబుర్లు చెబుతుంది. మాట నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

"అమెరికామెనే గదా అన్నా?"

"అమెరికాలో నంబర్ వన్ అమ్మా," అన్నాను.

ఆమె అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. వ్యాపారంలో ఆరితేరిన నాలుక, అలవాటు చొప్పున జారింది. ఆమె సంతోషంగా తలూపింది.

ఇంట్లో టేప్ రికార్డరు పాడయిందని రోజూ మధ్యాహ్నం మా షాపుకే వచ్చేది. మూలనున్న బల్ల దగ్గర, స్పాంజి ఊడిపోయిన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేది. ఆమె నేర్చుకునే పద్ధతి చూడముచ్చటగా ఉండేది. డబ్బింగ్‌లో సినిమాని చిన్న చిన్న ముక్కలుగా చేసి, పెదవులకి మాట అతికేదాకా ఒక్కో ముక్కనీ మళ్ళీ మళ్ళీ వేస్తారు. ఆ ముక్కని లూప్ అంటారు. ఈమె క్యాసెట్టునీ అలాగే లూపులు చేసింది. పది మాటలు వినడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం. వెనక్కి తిప్పే బటను మొరాయిస్తే నేను పెన్సిలు దూర్చి తిప్పిచ్చేవాణ్ణి. కాగితం మీద మాటలు రాసుకుని, గొడుగమ్మాయి ఊపిరి తీసుకున్న చోటల్లా ఒక చిన్న గీత పెట్టుకునేది.

పది రోజులకి షాపులో ఇద్దరు గొడుగమ్మాయిలు తయారయ్యారు. ఒకామె క్యాసెట్లో, ఒకామె మూల బల్ల దగ్గర. కళ్ళు మూసుకుంటే ఎవరు ఎవరో చెప్పలేకపోయేవాణ్ణి. సంబరంగా టైలరుని కూడా పిలిచి వినిపించాను. ఆయనకి ఇంగ్లీషు రాదు గానీ, "అచ్చం దొరసానే" అన్నాడు. ఆ మాటకైనా నా బుర్ర వెలగాల్సింది. దొరసాని అని మనం ఏ దేశపు ఆడవాళ్ళని అనేవాళ్ళం?

పరీక్ష రోజు మధ్యాహ్నం రెండున్నరకి స్వరూప వచ్చింది. చెప్పులు విడిచిన తీరులోనే పరీక్ష పోయిందని తెలిసిపోయింది. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగింది.

"పరీక్ష పెట్టిన మేడమ్ ఏమడిగిందో ఎర్కనా? లండన్‌ల సదివినవా అన్నది. లేదు మేడమ్, ఎర్రగడ్డల సదివిన అన్న. నవ్వింది. మాట మస్తుగున్నది గాని మాకు అమెరికా యాస కావాలె, ఇది ఇంగ్లండ్ మాట అన్నది." నా మొహంలోకి చూసింది. "అన్నా, గీ గొడుగామె ఏ దేశమామె?"

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నిలబడ్డాను. ఇంక దాచి లాభం లేదు.

"ఇంగ్లండమ్మా. అమెరికాలో హిట్టయిందని ఆ అరలో పెట్టాను. పెడితే అమ్ముడుపోతోందని అక్కడే ఉంచాను. నువ్వడిగినప్పుడు సూటిగా చెప్పి ఉండాల్సింది. తప్పు నాదే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మెల్లిగా అంది.

"నాకు మొదటి దినమే అనిపించిందన్నా. పాటల ఒక తీరుగున్నది, మాటల ఒక తీరుగున్నది. ఈమె గూడ నా లెక్కనే అనుకున్న. నేను డబ్బింగ్ థియేటర్ల మైకు ముంగట 'వచ్చాడు' అంట, బయటికొచ్చి 'వచ్చిండు' అంట. ఈమె గూడ పాటకు అమెరికోళ్ళ నోరు పెట్టుకుని, మాటకు ఇంటి నోరు పెట్టుకున్నది. ఆ ఇల్లు గూడ అమెరికాలనే ఏదో మూలకు ఉంటదనుకున్న. మాట పరీక్ష గదా అని ఇంటి మాటనే నేర్చుకున్న. పాట నేర్చుకుంటె పాసైతుంటి."

పద్నాలుగేళ్ళుగా ఆ గోడ నిండా పాటలు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను. ఆ తేడా నా చెవికి ఒక్కసారీ పట్టలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే అడిగాను, "ఫలితాలు పైకి పంపేశారా?"

"అయిదింటికి పంపుతరంట."

షట్టరు దించేశాను. పట్టపగలు షాపు మూయడం అదే మొదలు. "ఎటు పోతున్నమన్నా?" అంటూ వెంట వచ్చింది. ఆటోలో మాదాపూర్ చేరేసరికి నాలుగు కావస్తోంది. గేటు దగ్గర కాపలాదారుకి నా కథంతా చెప్పి, గొడుగమ్మాయి అట్ట చూపించి, ఎలాగోలా లోపలికి వెళ్ళాం.

పరీక్ష పెట్టిన ట్రైనర్ పాతికేళ్ళ అమ్మాయి. ట్రైనర్ అంటే చేరినవాళ్ళకి యాస నేర్పే మనిషి. తెలుగమ్మాయే. నేను చేతులు కట్టుకుని, స్కూల్లో తప్పు ఒప్పుకున్న పిల్లాడిలా అర సంగతి మొత్తం చెప్పాను. ఆమె నవ్వాపుకుంటూ, "అయితే ఫెయిల్ చేయాల్సింది మిమ్మల్నండీ," అంది. తర్వాత స్వరూప వైపు తిరిగి, "మీ బాధ నాకర్థమైందండీ. కానీ నాకు అమెరికా మాట వినపడాలి. తప్పెవరిదన్నది ఫలితాల కాగితంలో రాయలేను," అంది.

"పొద్దున సదివిచ్చిన కాయితం ఒక్కసారి మల్ల ఇస్తరా మేడమ్?" అంది స్వరూప.

ట్రైనర్ ఆ కాగితాన్ని ఆమె చేతికిచ్చింది. స్వరూప సంచిలోంచి పెన్సిలు తీసింది. కళ్ళు మూసుకుని, గొడుగమ్మాయి పాట ఒకటి పెదవుల మీద, పైకి వినపడకుండా పాడుకుంది. కళ్ళు తెరిచి కాగితం మీద పొద్దుటి గీతలు కొట్టేసి వేరే చోట్ల గీతలు పెట్టుకుంది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

చదివింది. పాటలోని నోటితో, మాటలా చదివింది. సాగేచోట సాగింది, నాలుక మడతపడేచోట మడతపడింది. ఇరవై రోజులు పాటల్నీ విన్నది కదా, నేర్చుకోవాలనుకోకపోయినా చెవి వదల్లేదు. మధ్యలో రెండు చోట్ల ఇంగ్లండ్ తొంగిచూసింది. అక్కడ తనే ఆగి, వెనక్కి వెళ్ళి, లూపు సరిచేసుకున్నట్టు మళ్ళీ చదివింది.

ట్రైనర్ అమ్మాయి ఫలితాల కాగితం ముందుకి లాక్కుని, పొద్దున రాసిన 'ఫెయిల్' కొట్టేసి, 'పాస్' అని రాసి పక్కన సంతకం చేసింది. "తప్పు చేసిన చోట మీరే ఆగారండీ. అది నేర్పడానికి నాకు నెల పడుతుంది," అంది.

బయటికొచ్చాక రోడ్డు పక్కన బండి దగ్గర టీ తాగాం. స్వరూప గ్లాసు పట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నెపం ఎండ మీదికి నెట్టేశాను.

మర్నాడు అరల మీది అట్టముక్కలు పీకేశాను. ఒక్కో క్యాసెట్ మీదా ఆ గాయకుల సొంత ఊరు చిన్న చీటీ మీద రాసి అంటించాను. బేరం తగ్గింది. సాఫ్ట్‌వేర్ పిల్లలు, "అంకుల్, అమెరికా అర ఏది?" అని వెతుక్కున్నారు. కొనేవాడు అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పాలని, నాకు అమ్ముడయ్యే జవాబు చెప్పకూడదని ఆ ఒక్క సంఘటన నాకు నేర్పింది. ఆలస్యంగా నేర్చుకున్నాను గానీ, మళ్ళీ మరిచిపోలేదు.

స్వరూప అక్కడే పనిచేసి, తర్వాత తనే ట్రైనరైంది. క్యాసెట్లు పోయాయి, సీడీలొచ్చాయి, అవీ పోయాయి. షాపులో ఇప్పుడు ఇయర్‌ఫోన్లు, ఫోన్ల తొడుగులు. చాలా ఏళ్ళకి, ఈమధ్యే ఒక మధ్యాహ్నం స్వరూప వచ్చింది. జుట్టు సగం నెరిసింది.

"అన్నా, ఫిల్మ్ నగర్‌కెళ్ళి వస్తున్న. సినిమాల తల్లి పాత్రకు డబ్బింగ్ చెప్పమని పిలిచిన్రు. మన తెలంగాణ మాట మాట్లాడే తల్లి. డైరెక్టర్ పోరడు ఏమన్నడో ఎర్కనా? అమ్మా, నువ్వు మీ ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడు అన్నడు. నేను గీతలు పెట్టుకుందామని పెన్సిల్ తీసిన. మల్ల బ్యాగుల పెట్టేసిన."

లోకం ఇంట గెలిచి రచ్చ గెలవమంటుంది. ఈమె ముందు రచ్చే గెలిచింది, ఇల్లు ఇన్నాళ్ళకి దొరికింది. సొరుగు తెరిచి, అమ్మకుండా దాచుకున్న గొడుగమ్మాయిని తీసి ఇచ్చాను. ఆ చివరి క్యాసెట్ వేసుకుని వినే యంత్రం మా ఇద్దరి దగ్గరా లేదు.

స్వరూప అట్టను కొంగుతో తుడిచి చాలాసేపు చూసింది. "అన్నా, గీమెను గూడ ఎవరన్న ఎన్నడన్న అడిగిన్రంటవా, నీ ఇంటి మాటల పాడుమని?"

"నాకు తెలీదమ్మా," అన్నాను.