అద్దం ముందు గెలిచిన మోకాలు

2023 మే నెల. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో మా ఫిజియోథెరపీ సెంటర్. చల్లపల్లి వైపు పల్లె నుంచి వారానికి రెండుసార్లు బస్సెక్కి మరియమ్మగారు వచ్చేవారు. నలభై దాటిన మనిషి, ఊళ్లో వరి నారు నాటే ఊడ్పుల ముఠాకి మేస్త్రీ. అంతకు ముందు ఏడాది, ఊడ్పులు మొదలవకముందే, చేను గట్టు మీద జారి మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెంపుకున్నారు. అక్టోబరులో ఆపరేషన్ చేసి, తొడ వెనక కండ కొస నుంచి తీసిన పట్టీని దాని స్థానంలో అమర్చారు.

నా పేషెంట్లలో ఆవిడే ఫస్టు. అద్దం ముందు ఆపరేషనైన కాలొక్కదాని మీదే అర నిమిషం కదలకుండా నిలబడేవారు. నేను మురిసిపోయి అందరికీ చూపించేదాన్ని. అలాంటిది ఒకరోజు వచ్చి దిగాలుగా కూర్చున్నారు.

"నిన్న బోరు నీళ్లు పెట్టిన మడిలో దిగి చూశానండీ. కాలు ఎక్కడుందో తెలవట్లేదు మేడంగారూ. జూలైలో ఊడ్పులు. ఈసారి కూడా నేను దిగకపోతే ముఠా వేరేవాళ్ల వెనక పోద్ది. పోయిందంటే ఇంక రాదండీ."

మచ్చ పక్కన మొద్దుబారిన చోటు చూపించి, "ఈ తోలు చచ్చిపోయింది, అందుకేనా?" అని అడిగారు. కోసినప్పుడు చర్మానికి వెళ్లే చిన్న నరం తెగుతుందని, ఆ మొద్దు చాలావరకు తగ్గుతుందని, నడకకి దానితో పని లేదని చెప్పాను. కండ బలం చాలడం లేదని తేల్చేసి బరువులు పెంచాను. నా తలపొగరు అది. ఆవిడ పూర్తిగా చెప్పనేలేదు, నేను విననేలేదు.

మరో రెండు వారాలకీ అదే మాట. నాకు చిరాకొచ్చింది.

"ఇక్కడ అంత బాగా నిలబడుతున్నారు కదండీ, అక్కడేమయింది?"

"ఇక్కడ అద్దంలో చూసుకుంటన్నానండీ. ఊడ్చేటప్పుడు వెనక్కి నడుస్తాం. కళ్లు నారు మీద ఉంటాయి, కాళ్లేమో బురదలో. ఎట్టా చూసుకోను?"

ఆవిణ్ణి ఆ కాలి మీదే నిలబెట్టి కళ్లు మూసుకోమన్నాను. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు తూలి నా భుజం పట్టుకున్నారు.

చూడకుండానే కీలు ఎంత వంగిందో, పాదం ఎటుందో తెలియడాన్ని మేం ప్రొప్రియోసెప్షన్ అంటాం. ఆ కబురు మెదడుకి పంపే నరాల కొసలు లిగమెంట్‌లోనూ ఉంటాయి. అది తెగినప్పుడు అవీ పోతాయి. కొత్త పట్టీ గట్టిగానే ఉన్నా ఆ కబురు పంపడం దానికి చేతకాదు. చుట్టూ ఉన్న కండరాలకీ కీలుకీ నేర్పించుకోవాలి. నేనేమో ఏడు నెలలుగా ఆవిడ కళ్లకి ట్రైనింగ్ ఇచ్చాను. సిగ్గేసింది.

మర్నాడే అద్దానికి దుప్పటి కప్పాను. కళ్లు మూసుకుని ఒక మోకాలు వంచితే, రెండోదాన్ని సరిగ్గా అంతే వంచాలి. తడి ఇసుక నింపిన తొట్టెలో చెప్పుల్లేకుండా, నడుం వంచి, వెనక్కి అడుగులు. మొదట్లో పడబోయి నన్ను తిట్టినంత పని చేశారు. జూన్ చివర్లో ఒకరోజు తొట్టెలోనే ఆగి, "తెలుస్తందండీ, మడమ కిందకి దిగతంది" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారు సరేనన్నాక, జూలైలో ఆవిడ చేలో దిగారు. చూడకపోతే నిద్రపట్టదని నేనూ వెళ్లాను. వరసకి తనే దారి చూపుతూ వెనక్కి జరుగుతున్నారు, కళ్లు నారు మీదే. ముఠా అంతా ఆవిడ వేగమే పట్టుకుంది. నేను ఉత్సాహం ఆపుకోలేక చీర ఎగగట్టి దిగి, రెండో అడుగుకే బురదలో కూలబడ్డాను. ఏ ఆపరేషనూ లేని మోకాళ్లు నావి.

చెయ్యందించి లేపుతూ మరియమ్మగారు, "కిందకి చూడమాకండి మేడంగారూ, కాలికే వదిలెయ్యండి" అన్నారు.

ఇప్పుడు మోకాలి ఆపరేషనైన వాళ్లెవరొచ్చినా, బలం చూడకముందే ఒకటి అడుగుతాను. మీరు పని చేసేటప్పుడు మీ కళ్లు ఎక్కడ ఉంటాయి?