అమ్మ అల్లిన ఎనాగ్వా అంచు

మొన్న అమ్మ ట్రంకుపెట్టె తెరిస్తే, మడత పెట్టిన బల్లగుడ్డ కింద, నేను కాలేజీలో చేరిన ఏటి లేసు ఆర్డరు కాగితం దొరికింది. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా ఇంగ్లీషు కాని మాట ఒకటి, ఎనాగ్వా. మా అమ్మాయి సెల్లులో చూసి, అది స్పానిష్ మాట, గౌను కింద ఆడవాళ్లు వేసుకునే లోపలి లంగా అని చెప్పి కాఫీ పెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

నరసాపురం దగ్గర మా ఊళ్లో మధ్యాహ్నమైతే ప్రతి అరుగు మీదా లేసు అల్లే ఆడవాళ్లే, మా తరం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఏజెంటు దారం, నమూనా ఇచ్చి పోయేవాడు గాని, అది ఏ దేశంలో ఎవరి ఒంటికో, ఎవరి బల్లకో చెప్పేవాడు కాదు. చదువుకుంటున్నదాన్ని కదా అని అమ్మ ఆ మాటకి అర్థం నన్నడిగింది. కాలేజీ డిక్షనరీలో అది లేదు. తెలియదు అనడం నాకు అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డకి అంచు అనేశాను.

"బల్లగుడ్డకి ఈ చిల్లుల వరసెందుకే?" అంది అమ్మ.

"రిబ్బను దూర్చడానికి. దొరల గుళ్లల్లో అలాగే చేస్తారు. కాలేజీకి నువ్వెళ్తున్నావా, నేనెళ్తున్నానా?"

నా వాదనకి ఇంట్లో ఎవరూ నిలిచేవారు కారు లెండి. ఆ రోజు నుంచి అమ్మ చేతులు సబ్బుతో కడుక్కుని, ప్రార్థన చేసుకున్నాకే సూది పట్టేది, అది ఒళ్లో ఉన్నంతసేపూ మమ్మల్ని ఒక్క తిట్టు తిట్టేది కాదు. ఆర్డరు అప్పజెప్పాక అదే నమూనాతో ఇంకో అంచు అల్లి, తెల్లగుడ్డకి కుట్టి మా చర్చికి ఇచ్చింది. ఏళ్ల తరబడి రొట్టె, ద్రాక్షారసం దాని మీదే పెట్టారు. మిషను మీద అల్లిన లేసు గుడ్డలు వచ్చాక పాస్టరు అయ్యగారు దాన్ని తిరిగి ఇచ్చేస్తే పెట్టెలో దాచుకుంది.

ఇప్పుడు ఎనభై దాటి, మా ఇంట్లో మంచం పట్టి, నెల రోజులుగా ఒకటే మాట. "నన్ను సమాధి పెట్టెలో పెట్టాక మీద అది పరవండే. చిల్లుల్లో తెల్ల రిబ్బను మరిచిపోకు, నువ్వు చెప్పిందేగా."

కండక్టర్లతో, లెక్చరర్లతో, అత్తవారితో వాదించి గెలిచినదాన్ని, ఆ మాటకి అసలు అర్థం చెబుదామని మంచం దాకా రెండుసార్లు వెళ్లి, దుప్పటి సర్ది తిరిగి వచ్చాను. చెబితే నవ్వుతుందేమో, కాని నవ్వేంత ఊపిరి ఆవిడకి లేదు. ఈనాడు ఏ దేశపు మాటకైనా అర నిమిషంలో అర్థం చెప్పేసే సెల్లుంది. ఆనాడు అమ్మకి నేను తప్ప అడగడానికి ఎవరున్నారు.

నిన్న బజారు నుంచి తెల్ల రిబ్బను తెచ్చి, ఆవిడ పక్కనే కూర్చుని దూర్చడం మొదలుపెట్టాను. అమ్మ కళ్లు చిట్లించి చూసి, మధ్యలో ఒక చిల్లు వదిలేశావే అంది. నిజమే, వదిలేశాను. ఎదురు చెప్పకుండా వెనక్కి లాగి మళ్లీ దూర్చాను.