తొమ్మిది కిలోల కెమెరా

ఆ రోజుల్లో మా భిలాయిలో ఒక వస్తువు మంచిదో కాదో తేల్చే పద్ధతి ఒక్కటే ఉండేది: చేతిలోకి తీసుకుని బరువు చూడటం. ఇస్త్రీపెట్టె కొన్నా, సీలింగ్ ఫ్యాను కొన్నా, ఎవరి పెళ్లికో ఇవ్వడానికి స్టీలు బిందె కొన్నా, మా నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి, కళ్లు సగం మూసి తీర్పు చెప్పేవాడు. బరువుంటే సరుకు. లేకపోతే బెండు. ఇనుము కరిగించే ఊళ్లో పెరిగినవాణ్ణి కనక నాకూ అది లోకధర్మంలాగే తోచేది. (మా అమ్మ ఇడ్లీలు ఎంత తేలిగ్గా ఉంటాయోనని పక్క క్వార్టరు వాళ్లు మెచ్చుకుంటే, నాన్న ఆమె తరఫున కాస్త నొచ్చుకున్నట్టు మొహం పెట్టేవాడు.) అలాంటి ఇంట్లో ఉండి, తొంభైల నడిమిలో, నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే అరచేతిలో ఇమిడిపోయే వీడియో కెమెరా కొనడం.

నాన్న ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చి ఉద్యోగం, క్వార్టరు, సంసారం అన్నీ ఇక్కడే సంపాదించుకున్నాడు. నేను కూడా అదే గేటులోంచి, సైకిలుకి టిఫిను డబ్బా తగిలించుకుని లోపలికి వెళ్తానని ఆయన నమ్మకం. నేనేమో డిగ్రీ అయ్యాక పవర్‌హౌస్ బజారులో ఒక ఫోటో స్టూడియోలో చేరి, రెండేళ్లు పెళ్లిళ్ల వెంట తిరిగి, ఇక సొంతంగా వీడియో తీస్తానని భీష్మించాను. కొన్ని వారాలు మా ఇంట్లో గిన్నెలు మాత్రమే మాట్లాడుకున్నాయి. చివరికి ఒకనాడు నాన్న ప్లాంటు అప్రెంటిస్ దరఖాస్తు ఫారం తెచ్చి, గోడ కేలండరు వెనక దోపి, ఒప్పందం చెప్పాడు.

"ఒక్క పెళ్లి తియ్యి. పెళ్లివోరు బాగుందన్నారా, నీ దారి నీది. బాగులేదన్నారా, మర్నాడు ఈ ఫారం నింపాల. మళ్లీ ఏటీ అనకూడదు."

అమ్మ కూడా సరే అంది. నేనూ సరే అన్నాను. ఆ రోజు నుంచి ఫ్యాను వేసినప్పుడల్లా కేలండరు రెపరెపలాడి, ఆ ఫారం మూల ఒకటి బయటికొచ్చి నన్ను చూసేది.

కెమెరా కొనడానికి రాయపూర్ వెళ్తే నాన్న కూడా బస్సెక్కాడు. (నా పని ఆయనకి నచ్చకపోవడం వేరు, నన్ను దుకాణంవాడు మోసం చెయ్యడం వేరు. రెండోది ఆయన ఊరుకోడు.) దారిలో కుమ్హారి వచ్చేదాకా నేను ఆయనకి పాఠం చెప్పాను: భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరాల కాలం అయిపోతోందనీ, చిన్నవాటిలో బొమ్మ ఇంకా తేటగా వస్తుందనీ, తక్కువ వెలుతురు చాలనీ. ఇదంతా స్టూడియోలో దొరికిన ఒక ఇంగ్లీషు పత్రికలో చదివాను. సగం అర్థమైంది, మిగతా సగం ధైర్యంతో పూరించాను. దుకాణంలో కుర్రాడు రెండు కెమెరాలు అద్దాల బల్ల మీద పెట్టగానే నాన్న కుడిచేతిలో పెద్దది, ఎడమచేతిలో చిన్నది తీసుకుని త్రాసులాగ నిలబడిపోయాడు. కుర్రాడు "అంకుల్‌జీ, ఛోటా వాలా లీజియే, పిక్చర్ ఏక్‌దమ్ సాఫ్" అని చిన్నదే తీసుకోమంటున్నాడు. నాన్న నా వైపు తిరిగి, వాడికి అర్థం కాకుండా గొంతు తగ్గించి, "ఇందులో ఏటీ లేదురా, ఖాళీ" అన్నాడు. నేను చిన్నదే కొన్నాను. తిరుగు ప్రయాణంలో నాన్న దాన్ని ఒడిలో పెట్టుకుని, ఎవరో అంటగట్టిన పసిపిల్లలాగ జాగ్రత్తగా, ఇష్టం లేకుండా తీసుకొచ్చాడు.

మొదటి పెళ్లి చరోదా రైల్వే కాలనీలో కుదిరింది. పెళ్లికూతురి తండ్రి గూడ్సు బళ్ల మీద గార్డు. మాకు చుట్టమేం కాదు, కానీ విజయనగరం మనిషి. భిలాయిలో మావయ్య కావడానికి అప్పట్లో ఆ మాత్రం చాలు. కెమెరా చూపిద్దామని వెళ్లేసరికి గార్డు మావయ్య డ్యూటీ దిగి తెల్ల యూనిఫాంలోనే ఉన్నాడు. నేను సంచిలోంచి తీసి చేతికిచ్చాను. ఆయన దాన్ని చూసి, తర్వాత సంచిలోకి తొంగి చూశాడు.

"మిగతాది ఏదిరా?"

"ఇంతే మావయ్యా."

"ఇంతేనా." ఆయన కాసేపు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒరే, పెళ్లికొడుకు వోళ్లు నలభై మంది దిగుతన్నారు. వోళ్ల ముందు నువ్వు ఈ టార్చిలైటు పట్టుకుని తిరిగితే, గార్డుగోరు వీడియోకి కూడా పీనాసితనం చేశాడు అనరేటి? మొన్న మా డ్రైవరు కూతురి పెళ్లిలో కెమెరా అంటే భుజం మీద గ్యాసుబండలాగ ఉంది. దానికి ఎర్ర లైటు కూడా ఎలిగింది. అలగాటిది తెస్తే తియ్యి. లేదంటే దుర్గ్ నించి వేరే వోళ్లని పిలుస్తాను, ఏటీ అనుకోకు."

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న "నే ముందే చెప్పలేదా" అంటాడని, ఫారం తీసి చేతిలో పెడతాడని సిద్ధపడ్డాను. ఆయన అలా అనలేదు. బనీనుతోనే కూర్చుని, "టార్చిలైటు అన్నాడా" అని రెండుసార్లు అడిగాడు. తాను బెండు అనొచ్చు. తన ఇంట్లోంచి వెళ్లిన వస్తువుని బయటివాడు టార్చిలైటు అనకూడదు. లేచి, బీరువా పైనుంచి కొలతలు తీసే వెర్నియరు తీసి, కెమెరాని దుప్పటి మీద పెట్టి, పొడవూ వెడల్పూ ఎత్తూ కొలవడం మొదలెట్టాడు. "బరువే గదా వోళ్లకి కావాల్సింది" అన్నాడు.

ఊరి అంచున హథ్‌ఖోజ్‌లో ఆయన స్నేహితుడికి ఇనుప సామాన్లు చేసే చిన్న ఫ్యాబ్రికేషను షెడ్డు ఉండేది. అక్కడ మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో ఆదివారానికి నా అరచేతి కెమెరా చుట్టూ ఒక ఉక్కుపెట్టె తయారైంది. లోపల ఫోము. ముందు లెన్సు చుట్టూ బిగుతుగా పైపు ముక్క. వెనకవైపు నా కన్ను పెట్టడానికి కిటికీ. పైన పిడి, పక్కన మూత, మూతకి నాలుగు నట్లు. పిడికి అటూ ఇటూ రెండు కొక్కేలు కూడా వెల్డింగు చేసి ఉన్నాయి. ఇవెందుకని అడిగాను. "బరువున్న దేనికైనా హుక్కు ఉండాల. రేపు క్రేనుతో ఎత్తాల్సొస్తే?" అన్నాడు. (పెళ్లిలోకి క్రేను ఎందుకొస్తుందని నేను అడగలేదు. అడిగితే దానికీ ఆయన దగ్గర జవాబుండేది.) మొదట యంత్రాలకి వేసే ఆకుపచ్చ రంగు వేశాడు, అమ్మ చూసి "ట్రాన్స్‌ఫార్మరులాగుంది" అంటే నల్లరంగు వేశాడు. ముందు ఎర్ర బల్బు బిగించి, దాని స్విచ్చి వెనక పెట్టాడు. ఆ బల్బుకీ కెమెరాకీ ఏ సంబంధమూ లేదు, అది టార్చి సెల్సు మీద దాని పాటికది వెలుగుతుంది. కిరాణా కొట్టు కాటా మీద తూచితే అంతా కలిపి తొమ్మిది కిలోలు తేలింది. నా వృత్తి మీద గౌరవం లాంటిది నాన్న మొహంలో మొదటిసారి అప్పుడే చూశాను.

పరీక్ష కూడా చేశాం. వంటింట్లో అమ్మని తీసి టీవీలో వేసుకుంటే బొమ్మ అద్దంలా వచ్చింది. కెమెరా ముందు మాట్లాడకూడదని అమ్మ నమ్మకం కాబట్టి ఆ పది నిమిషాలూ ఆమె నోరు విప్పలేదు. మాకూ చెవుల సంగతి తట్టలేదు. చరోదా తీసుకెళ్లి చూపిస్తే గార్డు మావయ్య పెట్టెని ఎత్తబోయి, ఎత్తలేక, దించి, "ఇదీ కెమెరా అంటే" అన్నాడు.

పెళ్లి పగటి ముహూర్తం. తొమ్మిది కిలోలు పూటంతా ఒక్కడే మొయ్యడం కుదరదు గనక నాన్న సెలవు పెట్టి నా వెనకే నిలబడ్డాడు. ఒక చెయ్యి పెట్టె కింద, ఒక చెయ్యి నా మోచేతి కింద. క్రేను డ్రైవరుకి కింద నుంచి సైగ చేసే మనిషిలాగ నన్ను నడిపించాడు. ఎర్ర బల్బు ఆయన అధీనం. ఎవరైనా పెద్దమనిషి కనబడితే చాలు, వేసేసేవాడు. బల్బు వెలగగానే జనం మెడలు నిటారుగా పెట్టి, చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఆరగానే ఊపిరి వదిలి మళ్లీ మామూలు మనుషులయ్యేవారు. నేను అప్పుడు తీసేవాణ్ణి. క్యాసెట్టు మార్చాల్సినప్పుడల్లా నాన్న జేబులోంచి స్పానరు తీసి మండపం పక్కనే గొంతుకూర్చుని నట్లు విప్పేవాడు. పెద్ద యంత్రం ఏదో ఆగిందనుకుని పంతులుగారు కూడా మర్యాదగా మంత్రం ఆపి మా కోసం చూశారు. పెళ్లికొడుకు పెదనాన్న ఒకాయన ఉన్నాడు, సూటు వేసుకుని. రిటైరైన హెడ్మాస్టరు. అటువైపు మాటంతా ఆయనదే. ఆయన కూడా ఒకసారి దగ్గరికొచ్చి పెట్టెని వేలితో తట్టి చూసి, తృప్తిగా వెళ్లాడు.

పదహారు రోజుల పండగకి కొత్త దంపతులు, వాళ్లతో సూటు పెదనాన్న, చరోదా వచ్చారు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక గార్డు మావయ్య క్వార్టరులో వీడియో వెయ్యాలని ఏర్పాటు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. గార్డు మావయ్య పెదనాన్నగారిని టీవీ ఎదురుగా మంచి కుర్చీలో కూర్చోబెట్టి, "మీరెలా అంటే అలాగే బావగారూ" అన్నాడు. నా బతుకు ఆ కుర్చీలో ఉందని నాకు తెలిసిపోయింది.

బొమ్మ వచ్చింది. చెప్పకూడదు గాని, చాలా బాగా వచ్చింది. మరుక్షణం టీవీలోంచి, బావిలోంచి పిలిచినట్టు, మా నాన్న గొంతు వినిపించింది.

"ఎడమకి... ఎడమకి... ధీరే, మెల్లిగా... బస్ బస్. దింపు."

తెర మీద పెళ్లికూతురు తలొంచుకుని నడిచి వస్తోంది. సన్నాయి ఎక్కడో చరోదా యార్డు అవతల మోగుతున్నట్టుంది. అప్పుడు అర్థమైంది మేం చేసిన పని. కెమెరా మైకుని ఉక్కులో పెట్టి మూసేశాం. లోపలికి శబ్దం వెళ్లడానికి ఉన్న దారి ఒక్కటే, వెనక కిటికీ. ఆ కిటికీ దగ్గర రోజంతా ఉన్నది నా నోరు, నాన్న నోరు. జీలకర్ర బెల్లం పెడుతుంటే నేను "నాన్నా, నడుం పోతంది" అంటున్నాను. తాళి కడుతుంటే నాన్న "పంతులు అడ్డొస్తన్నాడు, తప్పుకోమను" అంటున్నాడు. గదిలో పిల్లలు నవ్వడం మొదలెట్టారు. గార్డు మావయ్య నవ్వలేదు. ఇంతలో భోజనాల పంక్తి వచ్చింది, తెర నిండా సూటు పెదనాన్న. నాన్న గొంతు చాలా స్పష్టంగా, "ఆ సూటాయన్ని చూడరా, మూడో లడ్డు. కోటు గుండీ ఊడిపోద్ది" అంది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నా కళ్ల ముందు కేలండరు రెపరెపలాడింది. లేచి ఆపెయ్యబోయాను.

అప్పుడు ఊరేగింపు వచ్చింది. బ్యాండు వాళ్లు బుగ్గలు పగిలేలా ఊదుతున్నారు, ఆ హోరులో నాకు పక్కవాడి మాట కూడా వినిపించలేదని బాగా గుర్తు. పెట్టెలో మాత్రం బ్యాండు సన్నగా, మాటలు బిగ్గరగా ఉన్నాయి. సూటు పెదనాన్న గొంతే, "ఎవరండీ ఈ అబ్బాయి?" అని అడుగుతోంది.

"మావాడేనండి" అన్నాడు నాన్న.

"ప్లాంటులో వెయ్యలేదేం?"

కాసేపు బ్యాండు. తర్వాత నాన్న గొంతు, నాతో ఎప్పుడూ మాట్లాడని గొంతు. "ఏటికండీ. ఆ చెయ్యి చూడండి. తొమ్మిది కిలోలు పొద్దున్నించి మోస్తన్నాడు, వణుకు లేదు. ముప్ఫయ్యేళ్లుగా పని చేస్తన్నాను, ఇలాటి చెయ్యి ఇద్దరికో ముగ్గురికో చూశాను. ఈ గుంటడికి చెప్పకండి, తలకెక్కుద్ది."

నేను నాన్న వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తానని తెలుసు. ఆయన "నీళ్లు తాగొస్తాను" అని ఎవరూ అడక్కుండానే చెప్పి వాకిట్లోకి వెళ్లిపోయాడు. నీళ్ల చెంబు గది మధ్యలోనే ఉంది.

వీడియో అయిపోయాక అందరూ పెదనాన్నగారి వైపు తిరిగారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడు కాదండీ, నాలుగు" అన్నాడు. "లడ్డూలు బాగున్నాయి. బొమ్మ ఇంకా బాగుంది. మావాళ్లు ఇంత మామూలుగా ఉండగా నేనెప్పుడూ చూళ్లేదు, ఆ ఎర్ర లైటు వేస్తే బిగుసుకుపోతారు. మాటలు తీసేసి పాటలు పెట్టించు బాబూ." గార్డు మావయ్య అప్పుడు నవ్వాడు, కుర్చీ ఊగిపోయేలా.

మర్నాడు పొద్దున్న కేలండరు వెనక ఫారం లేదు. వెతికితే భోజనాల బల్ల మీద దొరికింది, తిరగేసి ఉంది. వెనకవైపు తెల్లకాగితం మీద పెన్సిలుతో ఇంకో పెట్టె బొమ్మ. కొలతలన్నీ చిన్నవి. ముందు భాగంలో ఒక గుండ్రని చిల్లు, దానికి బాణం గుర్తు పెట్టి, పక్కన "చెవి" అని రాసి ఉంది. నాన్న అప్పటికే ఫస్ట్ షిఫ్టుకి వెళ్లిపోయాడు.

పెళ్లివారికి పాటల క్యాసెట్టు ఇచ్చి, మాటల క్యాసెట్టు నేను ఉంచుకున్నాను. మా మాటలున్న ఆ పెళ్లిని ఇప్పటికీ అప్పుడప్పుడు వేసుకుంటాను. నా పనితనం గురించి నాకు నేనే గొప్పలు చెప్పుకున్న రోజుల్లో "బస్ బస్. దింపు" దగ్గర, మరీ దిగులేసినప్పుడు బ్యాండు దగ్గర. మొన్న కొత్త కెమెరా వచ్చింది, అరకిలో కూడా లేదు. నాన్న చేతికిచ్చాను. ఎనభై దాటినా అదే అలవాటు, రెండుసార్లు ఆడించి, కళ్లు సగం మూసి, "బెండు" అని తిరిగిచ్చాడు. పెరట్లో నా మనవరాలు ఆడుకుంటుంటే తీద్దామని కంటికి పెట్టుకున్నాను. యాభై దాటాక నా చెయ్యి సన్నగా వణుకుతోంది, ఎవరికీ తెలియదనుకున్నాను. వెనక నుంచి నాన్న చెయ్యి వచ్చి నా మోచేతి కింద ఆనింది.