ఎడమ వైపు అద్దం

పద్దెనిమిదేళ్ల మా కారుకు ఎడమ వైపు అద్దం వదులైంది. వేగం నలభై దాటితే చాలు, తల వాల్చి నేలను చూపించేది. ప్రతి పనినీ తేదీ వేసి రాసుకునే నేను, 'అద్దం' అన్న మాటను పదకొండు రోజులపాటు డైరీలో మరుసటి పేజీకి మోసుకుపోయాను. ఆ రకం అద్దం చిత్తూరులో దొరకదన్నది సాకు. పక్కన నా భార్య ఉంటుంది కదా అన్నది అసలు కారణం. ఎడమకు తిరగవలసినప్పుడల్లా "చూడు" అనేవాణ్ని. ఆమె మెడ తిప్పి చూసి "పోండి" అనేది.

పన్నెండో రోజు పలమనేరులో పెండ్లికి బయలుదేరాం. బంగారుపాళ్యం దగ్గర గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కాయలు కొందామని ఎడమకు మళ్లించబోతూ ఆమెను అడిగాను.

"ఉండండి" అంది.

వెనక లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. "ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు?" అని కసిరాను.

"సరే, పోండి."

తిప్పాను. ఒక మోపెడ్ మా తలుపుకు రాసుకుని పడింది. పాలక్యాన్లు దొర్లాయి. దాన్ని నడిపే పాలాయన నా యీడువాడే, మోచేయి చెక్కుకుపోయి లేచాడు.

"ఏమప్పా, అద్దంలో సూసుకోవా?"

నేను నా భార్యను వేలెత్తి చూపాను. "ఈమే పొమ్మనింది."

ట్రాక్టర్ల మీదివాళ్లు నవ్వారు. "పెండ్లాం కండ్లతో బండి తోలతాండాడబ్బా! లైసెన్సు ఆయమ్మకే ఇప్పించండి!"

పాలాయన నవ్వలేదు. "ఆయమ్మనేల అంటావు? స్టీరింగు నీ చేతిలో గదా ఉండేది" అన్నాడు. ఆసుపత్రికి రమ్మంటే రాలేదు. నా భార్యే అతని చేయి కడిగి, తన చేతిరుమాలు కట్టింది.

పెండ్లి మాట వదిలి పలమనేరులో మెకానిక్ దగ్గరికి పోయాం. ఏదో పాత బండి నుంచి తీసిన అద్దాన్ని అతను బిగిస్తుండగా, చూడకుండా ఎందుకు పొమ్మన్నావని ఆమెను అడిగాను.

"ట్రాక్టరు అడ్డం ఉండింది. సరిగా చూసేంతసేపు మీరు ఓర్చుకోరు. ఇన్ని రోజులూ సగం సార్లు రోడ్డును కాదు, మీ మొహం చూసే పొమ్మన్నాను."

ఆ పదకొండు రోజుల్లో తిరిగిన మలుపులను మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బడి ముందరి మలుపు దగ్గర లెక్క సాగలేదు.

"కూర్చోండి సార్, అద్దం మీ కంటికి సరిచేస్తాను" అన్నాడు మెకానిక్. కూర్చున్నాను. ఆమె వెనక తలుపు తీసుకుని ఎక్కింది. పక్కన ఖాళీ సీటు మీదుగా నేనే అద్దంలోకి చూశాను.