పుట్టలాంటి ఇల్లు

రోజూ పొద్దున్నే ఆఫీసుకు పోతూ సోమేశం నాంపల్లిలో ఒక గోడవారనున్న పుట్ట దగ్గర ఆగేవాడు. చీమలకు కాస్త నూక చల్లి, దణ్ణం పెట్టుకుని, పుట్ట కన్నం మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. మండు వేసవిలోనూ లోపలి గాలి చల్లగానే తగిలేది. ఆబిడ్స్‌లో ఇళ్లకు నక్షాలు గీయడం ఆయన ఉద్యోగం. మూడేళ్ల కిందట కిరాయి రేకుల గదిలో వడదెబ్బ తగిలి భార్య కామాక్షి పోయింది. అప్పట్నుంచీ ఆదివారాలన్నీ ఒకే నక్షాకు పోయాయి: ముందు ముందు ఎడారిలో కట్టబోయే ఊరు, ప్రతి ఇల్లూ ఒక పుట్ట, వేడిగాలి పైకి పోయేందుకు లోపల సన్నటి దారులు. మొన్న పెద్ద ఇంజినీరు అది చూసి, "సోమేశం గారూ, ఇందులో ఉండేది మనుషులా, పాములా?" అని నవ్వి తిప్పి ఇచ్చేశాడు. సోమేశం కూడా నవ్వి కాగితం చుట్టుకున్నాడు. సాయంత్రం దాన్ని తీసుకెళ్లి కుండలమ్మే బిచ్చయ్య ముందు పరిచాడు.

"ఏంది సారూ, గిది ఇల్లా, పుట్టనా?"

"ఇల్లే బిచ్చయ్యా. ఎండకు ఎవరూ పోని ఇల్లు. మట్టితో చిన్న బొమ్మలాగా ఒక్కటి చేసిపెడతావా?"

"ఔ, చేస్త. పుట్టమన్నే తెస్త."

సోమేశం లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "కిటికీ మాత్రం జర కిందికి పెట్టు బిచ్చయ్యా. మా ఆవిడ ఎప్పుడూ నేల మీదే కూర్చునేది."